ఆటోనగర్‌లో ఓటింగ్

"రాత్రి షిఫ్టు"లో గిటారు
చలికి మొరాయించిన లారీలా
మూడుసార్లు దగ్గి అందుకుంటుంది చూడు,
దాని ముందు ఏదైనా దిగదుడుపే
అంటాడు బాజీ, గ్రీజు చేత్తో గాలిలో తీగలు మీటుతూ.

నాంచారయ్య ఒప్పుకోడు.
"ఉప్పుబావి" రెండో చరణంలో
గొంతు జీరపోయే చోట
ఏడేళ్లుగా తనకు రోమాలు నిక్కబొడుచుకుంటూనే ఉన్నాయట.
చెయ్యి చాపి చూపిస్తాడు.
మాకు మసి తప్ప ఏమీ కనపడదు.

నువ్వు చెవిటోడివి.
నీది లేతు మిషను చెవి.
టీలు చల్లారాయి.
యాక్సిల్ కోసం వచ్చిన ఒంగోలు డ్రైవరు
ఏదో పార్టీ గొడవనుకుని
తన లారీ వెనక్కి తప్పుకున్నాడు.

రెండూ ఒక్క రాత్రే రికార్డు చేశారు,
కృష్ణలంకలో, ఫ్యాను ఆపేసిన గదిలో.
ఆ బ్యాండు ఇప్పుడు లేదు.
డ్రమ్ములు కొట్టినవాడు
గొల్లపూడిలో టైల్స్ అమ్ముతున్నాడని వినికిడి.

గ్లాసులు కడుగుతూ సలోమి అంది:
నాకు రెండింటి మధ్య వచ్చే
ఆ కుర్చీ చప్పుడు ఇష్టం.
ఎవరో "నీళ్లున్నాయా" అంటారు కదా, అదీ.

మేమెవ్వరం పట్టించుకోలేదెప్పుడూ.
బాజీ ఫోను తీసి వెనక్కి జరిపాడు.
మళ్లీ జరిపాడు.

నీళ్లున్నాయా,
ఎవరూ జవాబు చెప్పకుండానే
పాట మొదలైపోయింది.