రెండు కణుపులు

డాక్టరు చెప్పాడు, దుమ్ము లేని చోట నడవమని.
ఈ ఊళ్ళో అలాంటి చోటు ఎక్కడుందో
ఆయన చీటీలో రాయలేదు.
కోడలు ఫోనులో వెతికి
తురహళ్ళి అడవి అంది.
అడవా, కనకపుర రోడ్డు పక్కనా, అని నవ్వాను.

గేటు దగ్గర గార్డు నా సంచి తడిమి
ప్లాస్టిక్ కవరు ఒకటి బయటికి తీశాడు.
అందులో రెండు ఇడ్లీలు, కాస్త పప్పులపొడి.
ఇడ్లీలు నా చేతికిచ్చి కవరు ఉంచుకున్నాడు.
అవి తింటూనే అడవిలో అడుగుపెట్టాను.

నీలగిరి చెట్లు. వాటి బెరడు
ఎండకు కమిలిన వీపులా పొరలు లేచి ఉంది.
కింద ఎర్రమట్టి, దానిమీద సైకిలు చక్రాల గీతలు.
ఎడమ చెవి పోయి పదేళ్ళు, కంప్రెసర్ పుణ్యమా అని.
అందుకే నెమలి ఎటునుంచి కూసినా
నాకది కుడివైపే కూస్తుంది.

మలుపు తిరిగాక కనబడింది బండ.

ఆగిపోయాను.
ముఖం చూడకుండా ముప్పై ఏళ్ళు
ఒకే మనిషితో తగువాడినవాడికి
సంతలో అతనే ఎదురుపడితే ఎలా ఉంటుంది?
అలా నిలబడ్డాను.

నాకు తెలిసిన రాయి బూడిదరంగు పొడి.
గొట్టంలోంచి ఎగజిమ్మి
కనుబొమల్లో, అన్నంలో, పక్కబట్టల్లో పడేది.
రాడ్డుకి రాడ్డు తగిలిస్తూ
యలహంకలో, హొసకెరెహళ్ళిలో, బేగూరులో
చీకట్లో నేను పొడిచింది దీన్నే.
దీనికి ఎండ తగులుతుందని,
నాచు పడుతుందని,
ఒంటినిండా గులాబిరంగు చారలుంటాయని
ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

బండ కింద ఒక పిల్ల. ఇరవై ఉంటాయేమో.
నడుముకి వేలాడే చిన్న సంచిలో చెయ్యి ముంచి
తెల్లటి పొడి పూసుకుంటోంది.
ఏనమ్మా అదు, అన్నాను.
నా యాస పట్టేసి తెలుగులోనే చెప్పింది:
"చాక్ అంకల్, చెయ్యి జారకుండా."
నా అరచేతులు చూసుకున్నాను.
రోజూ సాయంత్రం సబ్బు అరిగేదాకా
నేను వదిలించుకున్న తెలుపు అది.

వేళ్ళతో తడుముతూ, ఎక్కడ పట్టిస్తుందో కనుక్కుంటూ,
ఒకసారి జారిపడి, నవ్వి, మళ్ళీ మొదలెట్టి
ఆ పిల్ల పైకి చేరింది.
నేను వెనకవైపు ఏటవాలులో
మోకాళ్ళని బతిమాలుకుంటూ పోయాను.

పైనుంచి చూస్తే అడవి చుట్టూ ఊరు
పంక్తిలో చోటుకోసం నిలబడ్డట్టుంది.
అపార్టుమెంట్ల సందులో ట్యాంకర్ లారీ ఒకటి
రోడ్డంతా కారుకుంటూ పోతోంది.
ఆ పక్కనే ఎక్కడో ఉండాలి మల్లేశయ్య సైటు.
ఆ రోజు అరచేతిలో కొబ్బరికాయ నిక్కి నిలబడింది.
నూటికి నూరు, అన్నాడు కాయ పట్టినవాడు.
పదకొండు వందల నలభై అడుగులు దింపాను.
దుమ్ము.
"ఇంకొక్క రాడ్డు వెయ్యప్పా" అన్నాడు మల్లేశయ్య.
వేశాను. ఇంకొక్కటి. వేశాను.
మా లెక్క అడుక్కింత. నీళ్ళతో పనిలేదు.
తెల్లారి ఆయన భార్య కాఫీ ఇచ్చింది,
కొనుక్కొచ్చిన నీళ్ళతో కాచి.
ఆ కాఫీ తాగాను.
డబ్బూ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

బండ నెత్తిన ఒక గుంట.
మొన్న రాత్రి వాన మిగిల్చిన నీళ్ళు.
అందులో ఆకాశం ముక్క, ఎండుటాకు ఒకటి,
తోక ఆనించి ఆనించి లేస్తున్న తూనీగ.
ఎవరైనా మరిచిపోయి వెళ్ళారేమోనని
చుట్టూ చూశాను.
తరవాత, చేతికి అలవాటు కదా, కొలిచాను.
చూపుడువేలు నిటారుగా దించితే
రెండు కణుపులు.

పిల్ల తన సీసా చాచింది, తాగుతారా అని.
వద్దన్నాను.
తడి వేలు దేనికీ తుడవకుండా
అలాగే గాల్లో పట్టుకు కూర్చున్నాను.

కుడివైపు నెమలి మళ్ళీ కూసింది.
ఎడమవైపు ఎక్కడో రిగ్గు ఆడుతోందని
బండే చెప్పింది, తొడల కింద సన్నగా వణికి.
కాసేపటికి వణుకు ఆగింది.
రాడ్డు మారుస్తున్నారు.
మళ్ళీ మొదలైంది.