ముల్లు

బకాయిలు పడ్డాయి. నలభై ఆరు వేలు.
లాకౌటు ఎత్తేశాక మిల్లు ఇచ్చిన పాత కష్టం.
వంటింటి రేకు మార్చాలంది నీలవేణి.
నేను విశాఖ వెళ్ళి, ముప్పై ఎనిమిది వేలు కట్టి
గుడ్ల తట్టలా ఒళ్ళో పెట్టుకుని
ఒక పెట్టెను విజయనగరం బస్సెక్కించాను.
నచ్చకపోతే ఆదివారంలోగా తెచ్చెయ్యమన్నాడు కొట్టువాడు.

పాతది మూడు లాంతర్ల దగ్గర సింహాద్రి బతికించినది.
తుఫాను ఏడు నీళ్ళు తాగి మోటారు చస్తే
తీగ మళ్ళీ చుట్టాడు.
బెల్టు దొరక్క, సైకిలు ట్యూబు పరిచి
నాలిక కొస బయటపెట్టి కత్తెరతో
ఒక వలయం తీశాడు.
ఆ నల్ల రబ్బరు మీదే తిరిగాయి
మా సాయంత్రాలు, ఇన్నేళ్ళూ.

కొత్తదానికి బల్లమీద చోటు చేసి
పొందూరు గుడ్డతో రికార్డు తుడిచి
ముల్లు దించాను.

అమ్మో.
ఫిడేలు ఆయన నా పక్కనే కూచున్నాడు.
కమాను కదిపే ముందు ముక్కుతో గాలి పీల్చాడు.
మృదంగం అంచుకి ఎవరి ఉంగరమో తగిలింది.
రెండో పక్క నడుమన ఎవరో
దగ్గుని కండువాలో దాచుకున్నారు.
లేబులు చెదలు తినేసింది, పేరు తెలీదు.
మా ఇంట్లో ఇన్నాళ్ళూ వాయించిన మనిషికి
ఊపిరుందని ఆరోజే తెలిసింది.

అప్పుడు, మేడమీద,
సన్యాసిరావు మేష్టారు.
సంగీతం కాలేజీలో నేర్చుకుని
తపాలా ఆఫీసులో బతికినవాడు.
రోజూ ఆరున్నరకి నా రికార్డుతో ఫిడేలు కలుపుతాడు.
దీని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.
కలిపాడు. ఆపాడు.
మళ్ళీ కలిపాడు. బిరడా కిర్రుమంది.
ఆపాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు.
"ఏటి బావూ, ఇయాల సుతి దిగిపోనాది?
పెట్టికి వొంట్లో బాగునేదా?"

పాతదే పరిగెత్తేది మేష్టారూ, ట్యూబు మందం వల్ల,
ఇదే అసలు శృతి, అన్నాను.
పెళ్ళింట్లో ముక్కూమొహం తెలీని చుట్టాన్ని చూసినట్టు
పెట్టె కేసి చూశాడు.
"అయితే ఇన్నేళ్ళూ నాను..."
మిగతాది అనకుండానే మెట్లెక్కాడు.

నేను కాటా గుమస్తాని.
మా కాటాకి ముప్పాతిక కేజీ ఎక్కువ చూపించే జబ్బు.
గోగునార బేళ్ళు మోసేవాళ్ళకీ తెలుసు, లారీ డ్రైవరుకీ తెలుసు.
ఆ ముప్పాతిక మనసులోనే కొట్టేసి సంతకాలు పెట్టేవాళ్ళం.
ఎవడో ఇంజినీరు వచ్చి ముల్లు సరిచేసి పోయాడు.
మా చేతులు మాత్రం కొట్టెయ్యడం మానలేదు.
ఆ నెల లెక్కంతా తప్పే.

పెట్టె పక్కన వేగం సర్దే చిన్న మీట.
సున్నా మీంచి కదపొద్దన్నాడు కొట్టువాడు.
గురువారం కదిపాను. వెంట్రుక మందం.
పాత తాళంలో దాని చెవి తిరిగినట్టు
మేడమీద ఫిడేలు కలిసిపోయింది.
కానీ రెండో పక్కన ఆ దగ్గు
సన్నబడి పిల్లాడి దగ్గయింది.
ఆ ఊపిరి రైలందుకోవాలన్నట్టు తొందరపడింది.
ఇదేటని అడగడానికి
ఆయన ఏ మెట్లు దిగి రాగలడు?

శుక్రవారం సున్నాకి తెచ్చాను. మేడ మాట్లాడలేదు.
"వోనొస్తే మీ రెండు పెట్టిలూ తడిసిపోతాయి,
ముందు రేకు సూడండి," అంది నీలవేణి
చిల్లు కింద గిన్నె జరుపుతూ.

ఇవాళ శనివారం. బిల్లు చొక్కా జేబులో ఉంది.
పాతదాని వలయం తీసి వేళ్ళ మధ్య తిప్పి చూశాను.
ఒకచోట సింహాద్రి కత్తెర వంకరపోయింది,
అక్కడ కాస్త లావు.
అది చక్రం మీదికొచ్చినప్పుడల్లా స్వరం చిన్నగా ఒణికేది.
గమకం అనుకున్నాను.
మేష్టారు కూడా వాయిస్తాడు దాన్ని, అచ్చు అలాగే.

ఆరున్నర కావస్తోంది.
మేడమీద బిరడా కిర్రుమంటోంది.
తీగ బిగిస్తున్నాడో, వదులుతున్నాడో,
కిందనుంచి తెలీదు.