వయసు గడి

చీటీలో నాలుగు గడులు.
పేరు, వయసు, ఊరు, బాధ.
మూడింటికి జవాబులు తోసుకుంటూ వస్తాయి.
వయసు దగ్గరే జనం ఆగిపోతారు.

"నీకు తోచింది రాసుకో నాయనా" అంటుంది మాలకొండమ్మ.
"పెద్ద గాలివానకి ఎంత ఉన్నావు అవ్వా?"
"మా చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకొని గాదె మీద కూచున్నా.
నీళ్ళు గాదె నడుందాకా వచ్చినై."
చెల్లెల్ని జారకుండా పట్టుకోగల పిల్ల అంటే
తొమ్మిదో పదో.
యాభై తొమ్మిది అని రాస్తాను.
మనిషి డెబ్భైలా ఉంటుంది.

ఉలవపాడుకి ఇవతల, రైలు గేటు దాటినాక
ఉప్పుగాలికి పెచ్చులూడిన ఆరు గదులు మా ఆసుపత్రి.
బోర్డు మీద కొత్త జిల్లా పేరు రాశారు గానీ
ఎండ పడితే కింద పాత జిల్లా కనబడుతుంది.
ప్యాసింజరు దొరికిన రోజు ఒంగోలు నుంచి డాక్టరమ్మ వస్తుంది.
దొరకని రోజు ఎస్తేరు సిస్టరే.

పచ్చి పొగాకు కొట్టి వాంతులతో వచ్చే కూలోళ్ళు,
సపోటా చెట్టు మీంచి జారిన కుర్రాళ్ళు,
కాళ్ళు ఒరిసిన రొయ్యల గుంటల కాపలాదార్లు.
బాధ గడి ఎవరికీ చాలదు, చీటీ వెనక రాస్తాను.
"నడుం. మోకాళ్ళు. మొగుడు" అంది ఒకామె.
నేను మొదటి రెండే రాశాను.
మూడోది సిస్టరు తలుపేసి అడిగింది.

మొన్న కార్తీకంలో
వాయుగుండం రెండు రోజులు కదల్లేదు.
కరెంటు పోయింది. జనరేటరు రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది.
ఫ్రిజ్జులో పిల్లల టీకాలు,
పాముకాటు మందు పన్నెండు సీసాలు.
ఎవరూ తలుపు తియ్యకుండా
దాని ముందు స్టూలేసుకుని కూచుంది సిస్టరు.

రాత్రి ఎనిమిదికి, మోకాటిలోతు నీళ్ళలో
ఐసు ఫ్యాక్టరీ నాగూర్ మీరా ట్రాక్టరు తోలుకొచ్చాడు,
ఊక కప్పిన మూడు దిమ్మలతో.
"రొయ్యలెట్టాగూ పోయినై.
ఇదన్నా పనికొస్తదేమో చూడమ్మా."

దిమ్మ మీద గోతం, గోతం మీద పాత పేపర్లు,
ఆ పైన సీసాలు.
"ఐసు తగిలితే గడ్డకడతై, గడ్డకడితే చస్తై" అంది.
గంటగంటకీ ఆమె సెల్లు వెలుతుర్లో చదివింది, నేను రాశాను.
నాలుగు. అయిదు. నాలుగు. ఆరు.
ఆ రాత్రి చీటీల వెనకంతా అవే అంకెలు.

కోడి కూయకముందే చెంచురామయ్యని మంచం మీద మోసుకొచ్చారు.
కాపలా గుడిసెలోకి నీళ్ళొచ్చాయి, నీళ్ళతో తాచు వచ్చింది.
రెప్పలు అప్పటికే వాలిపోతున్నాయి.
చెయ్యి ఊరుకోక చీటీ తీశాను:
పేరు చెంచురామయ్య, వయసు?
వాళ్ళావిడ పెంచలమ్మ నా చేతిలో కాగితం లాగి
తడి నేలకేసి కొట్టింది.

పది సీసాలు ఎక్కినాయి.
పదకొండింటికి రెప్పలు లేచినాయి.
"యాడిదే ఈ రొయ్యల కంపు?"
అదీ మనిషి మొదటి మాట.
పెంచలమ్మ నవ్వలేదు.
గోడకానుకుని అక్కడే నిద్రపోయింది.

ఫాల్గుణంలో ఆడిటు ఆయన వచ్చాడు.
"ఐసు, మూడు దిమ్మలు. ఓచరేది?"
సిస్టరు నా వైపు చూసింది,
నేను కిటికీ వైపు.
కిటికీలోంచి ఐసు ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడదు,
మధ్యలో చింతచెట్లు అడ్డం.
చెంచురామయ్య చీటీ కూడా అడిగాడాయన.
అంకె లేని గడి మీద ఎర్ర సున్నా చుట్టి వెళ్ళాడు.

ఇవాళ మాలకొండమ్మ కోడల్ని వెంటేసుకుని వచ్చింది,
చంకలో మనవరాలు, టీకాకి.
కార్డు తెమ్మంటే ఇంటికాడ మర్చిపోయారట.
"ఎప్పుడు పుట్టింది అవ్వా?"
"ఐసు గాలివానకి ఏడో నెల కడుపులో ఉంది."

ఆ గాలివానకి ఆ పేరు ఎవరు పెట్టారో
నాకు తెలియదు.
వేళ్ళు మడుస్తున్నాను.
మార్గశిరం, పుష్యం...
వెనక వరసలో ఎవరో దగ్గుతున్నారు,
కానీవయ్యా అంటున్నారు.