తిల్లి

జియాగూడ మండీలో ముప్పై ఏళ్లుగా
మేక కడుపులోంచి చూపుడువేలితో
తిల్లిని ఒలిచి పక్కన పెట్టిన మనిషి
ఇవాళ పంజాగుట్ట ఆసుపత్రి నేలమాళిగలో
నా ముందు చొక్కా విప్పి కూర్చున్నాడు.

తుకారాం, యాభై ఆరు.
ఎడమ ఊపిరితిత్తి చుట్టుపొర మీద ఐదు గడ్డలు.
సీటీ రిపోర్టు చివర ఎవరో పెన్నుతో పెట్టిన ప్రశ్నార్థకం
మాంసం తగిలించే కొక్కెంలా ఉంది.

పొట్ట మీది నిలువు కుట్ల సంగతి
కొత్తగా చేరిన డాక్టరమ్మ అడిగేదాకా
ఎవరూ అడగలేదట.
"పురానాపూల్ కాడ లారీ గుద్దింది మేడమ్,
మా పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు.
తిల్లి పలిగిందని తీసి పారేసిన్రు."
కాసేపాగి,
"పారేసిన్రనే అనుకున్న."

అతని నెత్తురు కాస్త తీసి
టెక్నీషియం కలిపి
నీళ్ల తొట్టెలో, నలభై తొమ్మిదిన్నర డిగ్రీల దగ్గర
పావుగంట కాచాను.
చాయ్‌కి చాలని వేడి.
కణాలను చంపకూడదు, కుంటివి చేయాలి అంతే.
ఈ ఉద్యోగంలో నాకు చేతనైన క్రూరత్వం అదొక్కటే.
డొక్కుపడ్డ ఎర్రకణాన్ని ఆనవాలు పట్టి
దారిలో ఆపి పడుకోబెట్టేది తిల్లి.
అదెక్కడుంటే ఇవక్కడికి చేరతాయి.

తిరిగి ఎక్కించాక చెప్పాను:
"ఈ రాత్రికి మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకోకండి."
గడ్డల మాట విన్నప్పుడు కూడా
అంత దిగులు పడి ఉండడు.

కెమెరా రొమ్ము మీదికి వంగింది.
తెర మీద కాలేయం మసకగా.
ఎడమ డొక్కలో, తిల్లి ఉండాల్సిన చోట,
కరెంటు పోయిన గల్లీ.
కుర్చీ ముందుకు లాక్కున్నాను.
ఆ పైన, పక్కటెముకల వెనక
ఒకటి. దాని పక్కన రెండు.
ఇంకాసేపటికి
ఐదూ.

ఆ రోజు లారీ కింద చిట్లిన ముక్కలు
చిరిగిన పొర సందులోంచి పైకెక్కి
కిరాయి అడగని గదిలో దిగి
ఏ నరంతోనో నాలుగు చుక్కల నెత్తురు బేరమాడుకుని
ఇన్నేళ్లూ పాత పనే చేస్తున్నాయి.

పిలవకూడదు గానీ, తెర దగ్గరికి పిలిచాను.
మేక ధర కట్టేవాడిలా కళ్లు చిన్నవి చేసి చూశాడు.
"తిల్లే" అన్నాడు, నేను నోరు తెరవకముందే.
"దీన్ని మేము తూకమెయ్యం మేడమ్.
కొసరు కింద ఏస్తం."

బయట బెంచీ మీద కమలాబాయి
టిఫిన్ డబ్బా మూత తీస్తూ మూస్తూ ఉంది.
చొక్కా గుండీ ఒకదానికి బదులు ఒకటి పెట్టుకుంటూ
అటు నడిచాడు.