శుక్రవారం, మిల్ స్ట్రీట్

నాలుగింటికి వీధిని మూసేది నేనే.
పద్దెనిమిది అడ్డుబల్లలు, నారింజ రంగువి.
ఒకదానికి కాలు కుంటి,
దాన్నెప్పుడూ బ్యాంకు గోడకి ఆనిస్తాను.
జూన్ నుంచి ఆగస్టు దాకా ప్రతి శుక్రవారం,
పన్నెండేళ్ళుగా.
సంగీతం నాకు తెలీదు, ఎవరు బాగా వాయించారో అడక్కండి.
ఎన్ని కార్లు వెనక్కి తిప్పానో చెప్పగలను.

మిసిసిపి మీదనుంచి గాలి వస్తుంది,
గాలితో చేప వాసన, దాని వెనకే
ఇనప మూకుట్లో పాకం పట్టిన మొక్కజొన్న పేలాల వాసన.
పాత సినిమాహాలు ముందు ఒరిన్ నిచ్చెనెక్కుతాడు.
పేర్ల బోర్డుకి అక్షరాలు చాలవతనికి,
ఇంగ్లీషు 'ఇ'లు రెండు పోయిన చలికాలం రాలిపోయాయి,
మూడంకెను తిరగేసి తగిలిస్తాడు.
ఊరంతా చదువుకుంటుంది. ఎవరికీ తప్పనిపించదు.

ఆరింటికి ఊరి బ్యాండు.
ట్రాంబోన్ లుడ్విగ్సన్‌ది. పగలు పళ్ళ డాక్టరు.
పగలతని ముందు నోరు తెరవాలంటే చెమటలు పడతాయి,
సాయంత్రం తెరిచేసి నించుంటాను, నాకే తెలీకుండా.
డ్రమ్ము పోస్టాఫీసు బెర్నడెట్‌ది,
ఉత్తరం మీద ముద్ర గుద్దినట్టు గుద్దుతుంది,
ఒక్కోసారి పాటకంటే ముందే చేరిపోతుంది.
మడతకుర్చీల్లో పెద్దవాళ్ళు.
చప్పట్లో, దోమలో,
నేనుండే చివరినుంచి తేల్చుకోలేను.

ఈ జూలైలో
దర్జీ కొట్టువాళ్ళమ్మాయి పా జువా
సుద్దముక్కల బకెట్టు పట్టుకొచ్చి అడిగింది:
"విల్లర్డ్, నీ వీధిలో ఎంత వాడుకోవచ్చు?"
నీ వీధి, అంది.
గుంతలు పూడ్చేవాడితో ఆ మాట ఎవరంటారు?
"బ్యాంకు నుంచి మంగలి షాపు దాకా"
అనేశాను, దానకర్ణుడిలా.

మోకాళ్ళకి పాత జీన్సు ముక్కలు కట్టుకుని
నాలుగు గంటలు వంగే ఉంది.
బ్యాండు దిగింది, గిటారు పిల్లలెక్కారు, ఒక తీగ తెగింది,
అకార్డియన్ ముసలాయన ఒక పోలిష్ పాట ఎత్తుకుని
మధ్యలో మరిచిపోయి
సిగ్గుపడకుండా మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.
ఆమె తలెత్తలేదు.

దీపాలు వెలిగేసరికి
వీధి పొడవునా ఒక స్టర్జన్ చేప.
మా నది అడుగున నూరేళ్ళు బతికే రకం,
వీపు మీద ఎముక పలకలు, మూతి కింద మీసాలు,
ఒళ్ళంతా నీలం.
బ్యాంకు వైపు తల.
అక్కడ నేను మార్చిలో పూడ్చిన గుంత ఉంది, నల్లటి తారు మచ్చ.
దాన్ని కప్పలేదు, తప్పించుకోలేదు.
చుట్టూ తెల్లగా గీత గీసి
కన్ను చేసేసింది.

జనం అంచులమ్మట నడిచారు.
ఒక బుడతడు తోక మీద ఐస్‌క్రీం జార్చి ఏడవబోయాడు,
ఆమె ఆ మరక చుట్టూ నీటిబుడగ గీసింది.

పదకొండుకి అందరూ పోయారు.
తెల్లారి అయిదింటికి వీధి కడిగి,
అడ్డుబల్లలు తీసి, కార్లని వదలాలి. అదీ నేనే.
నీళ్ళబండి తెచ్చి బ్యాంకు దగ్గర ఆపాను.
ఇంజను ఆపలేదు. నీళ్ళ మీట కట్టేశాను.
మంగలి షాపు దాకా
పేవ్‌మెంటుని రాసుకుంటూ, పొడి చక్రాలతో పోయి
అక్కడ మళ్ళీ తిప్పాను.

సోమవారం సూపర్‌వైజర్ అడిగాడు,
ఆ బారంతా మురికిగా వదిలేశావేమని.
నాజిల్ పట్టేసిందన్నాను.
ఉద్యోగంలో మొదటి అబద్ధం.
సరే, రెండోది.

చేప మిగిలిందని కాదు.
ఆరున్నరకి రొట్టెల వ్యాను తొక్కింది మొదట,
తర్వాత అందరూ తొక్కారు.
కానీ ఆ వారం
ఆసుపత్రి వాకిట్లో ఒక నీలి చార,
లైబ్రరీ మలుపులో ఇంకోటి,
వంతెన మీద, సన్నగా,
లుడ్విగ్సన్ ఇంటి కాంక్రీటు మీద, టైరు అచ్చులతో సహా.
ఊరు చూడ్డానికి బయల్దేరిందనుకున్నాను.
పైకి అనలేదు.

కన్ను మాత్రం అక్కడే ఉంది, తారు కదా.
ఈ శుక్రవారం
కుంటి అడ్డుబల్లని
కొంచెం పక్కకి జరిపి ఆనించాలి.