రెండు తాళంచెవులు

పలమనేరు అవతల, అడవి అంచున
మా టమోటా తోటకి పందుల బెడద.
పంట కాపలాకని లైసెన్సు తుపాకీ
మా ఆయన చెంగల్రాయప్పది.

తోట నించి వస్తానే
గడప బయటే గొట్టం మడిచి
ఖాళీ కన్నంలోంచి లాంతరు చూసేవాడు.
"నువ్వూ చూడు" అనేవాడు.
ఖాళీ అని ఇద్దరం చూసినాక కూడా
దాని మూతి మనిషి పక్కకి తిప్పింది లేదు.

తుపాకీ ఇనప బీరువాలో,
తూటాలు అటక మీద డబ్బాలో.
బీరువా చెవి ఆయన మొలతాడుకి,
డబ్బా చెవి నా నడుముకి.
"ఇద్దరికీ ఒకేసారి కోపం రాదులే కుప్పమ్మా!"

ఒకనాడు ఆయనకొచ్చింది.
పక్క చేను మునిరత్నం
మా గెనిమ జానెడు చెక్కేసిన పొద్దు
నా ముందుకొచ్చి చెయ్యి చాపినాడు.
నేను పప్పు ఎనుపుతా ఉండాను.
తలెత్తలేదు.
నడుముకున్న చెవి ఒకటే అంతా వినింది.
చాపిన చెయ్యి శానాసేపు అట్నే ఉండి
చెంబు అందుకునింది.

ఆయన పోయినాక
తుపాకీ, తూటాలు స్టేషన్లో అప్పజెప్పి
రసీదు తెచ్చుకున్నా.
రాత్రి పందులొస్తే పళ్ళెం వాయిస్తా.

డబ్బా చెవి మాత్రం ఇంకా నడుముకే ఉంది.
నీళ్ళు పోసుకునేటప్పుడు
చల్లగా తగుల్తుంది.