ముల్లు

జువ్వలదిన్నె అంగన్‌వాడీలో
ఈ నెల కూడా ముల్లు కదల్లేదు.
చెంచురత్నం కొడుకు
తొమ్మిది కిలోలకి రెండొందల గ్రాములు తక్కువ.

"బాగానే తింటాడమ్మా, కడుపు డప్పులాగుంటాది"
అంటాది. అబద్ధం కాదు.
కావలి సంతలో చవగ్గా దొరికే కర్రపెండలం
తొక్క తీసి, నానేసిన నీళ్ళు పారబోసి
రెండు పూటలా ఉడకేస్తాది.

చార్టు చూసి చెప్పడం నా ఉద్యోగం:
పెండలంలో పిండే గానీ కండకి పట్టేది తక్కువ,
గోధుమ రవ్వలో దానికి ఎన్నో రెట్లు మాంసకృత్తులు.
పాకెట్టు చేతిలో పెట్టాను కూడా.
"ఉప్మా అంటే ఊసేస్తాడమ్మా."
లెక్కలో గోధుమ గెలిచింది. వాడి నోట్లో ఓడిపోయింది.

ఇంతలో గాలి మళ్ళింది.
ఆమె కొంగులోంచి ఎండు నెత్తళ్ళ వాసన.
ఇసకలో ఆరబెట్టి, గంపకెత్తి,
ఆ అమ్మిన డబ్బుల్తోనే గదా
ఆ పెండలం కొనేది!

చార్టు మడిచేశాను.
"రోజూ ఓ గుప్పెడు అమ్మకుండా ఉంచు రత్నా,
వాడి పెండలంలోకి పులుసెయ్యి."

"గుప్పెడంటే పది రూపాయలమ్మా"
అని, వాణ్ణి దించుకుని చంకనేసుకుంది.

ఖాళీ సంచి కొక్కేనికి ఊగుతూ ఉంది.
ముల్లు సున్నా మీద నిలవడానికి
చాలాసేపు పట్టింది.